"రోడ్డు వేయకుంటే ఓటు వేయం" అని ఊళ్లో ఫ్లెక్సీ కడితే కేసు అవుతుందా?

ఆ మాట రాయడం నేరం కాదు; ఎక్కడ కట్టారు, ఎవరి మీద ఏం రాశారు అన్నదాన్ని బట్టే కేసు వస్తుంది.

సర్కారును విమర్శించడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ (భావప్రకటన స్వేచ్ఛ) ఇచ్చిన హక్కు. ఎంత ఘాటుగా రాసినా, హింసకు రెచ్చగొట్టనంతవరకు అది రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో తేల్చింది. 2025లో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఇంకో మాట చెప్పింది, ఇది అందరూ గుర్తుంచుకోవాలి: రాతలు, మాటల మీద వచ్చే ఫిర్యాదులో ఆరోపించిన నేరానికి 3 ఏళ్లు లేదా అంతకు మించి, 7 ఏళ్లలోపు శిక్ష ఉంటే, ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడమే సరైన పద్ధతి.

దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో సొంత ఇంటి గోడకు ఈ ఫ్లెక్సీ కట్టారనుకోండి, ఇబ్బంది లేదు. అదే కరెంటు స్తంభానికో, బడి గోడకో కడితే బహిరంగ స్థలాలను పాడుచేసిన కేసు పెట్టొచ్చు. "ఫలానా సర్పంచ్ పైసలు తిన్నడు" అని ఆధారం లేకుండా రాస్తే పరువు నష్టం, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 356. 2 ఏళ్ల దాకా జైలు. అయితే దానికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టలేరు, ఆ సర్పంచే మేజిస్ట్రేట్ కోర్టుకు పోవాలి.

పంచాయతీవాళ్లు ఫ్లెక్సీ తీసేశారంటే రాసింది తప్పేనని చాలామంది భయపడతారు. తీసేసేది ఎక్కువగా స్థలం కారణంగానే. మీరు ఓటు వేయకపోవడం నేరం కాదు, పక్కవాళ్లను బెదిరించి ఆపితేనే నేరం.