అమ్మ చేతికి బరువు కాని గిన్నెలు

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది, వంట తనే చేసుకుంటుంది. మణికట్ల నొప్పి. మొన్న కుక్కర్ దింపబోతే చెయ్యి జారి పప్పంతా గట్టు మీద ఒలికిపోయింది. నాకు ఇక్కడ ఒకటే టెన్షన్. తేలిక గిన్నెలు ఏవి కొనమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం చదవగానే మా అత్తయ్య చేతులు గుర్తొచ్చాయమ్మా. మసిగుడ్డతో అన్నం గిన్నె పట్టుకుని గంజి వారుస్తుంటే ఆవిడ మణికట్లు వణికేవి. ఒకరోజు మూత జారి మరిగే గంజి వేళ్ల మీద పడింది. మర్నాటి నుంచి గంజి వార్చడం మానిపించి అత్తెసరు పెట్టించాను. మీరూ ముందు ఆ పని చెయ్యండి, గిన్నెల సంగతి తర్వాత.

లీటరు నీళ్లంటే కిలో బరువు. ఐదు లీటర్ల కుక్కర్ సగం నిండినా లోపలిదే రెండున్నర కిలోలు, దానికి కుక్కర్ బరువు తోడు. ఒక్క మనిషికి రెండు లీటర్లది చాలు. ఉడికాక కుక్కర్ని ఎత్తి వంపకుండా పప్పు గరిటెతో తీసుకోమనండి.

అంతే మందం ఉన్న స్టీలుతో పోలిస్తే అల్యూమినియం బరువు మూడో వంతే. కానీ సిల్వర్ గిన్నెలని మనం పిలిచే మామూలు అల్యూమినియం వాటిలో చారు, పులుసు కాచకూడదు, పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది. పైపొర గట్టిపరిచిన, నల్లగా ఉండే హార్డ్ అనోడైజ్డ్ అల్యూమినియం రకం పులుపుకు తట్టుకుంటుంది. తేలిక కదా అని మరీ పలచటివి కొనకండి. కూర అడుగంటుతుంది, ఆ మాడు తోమడానికి మళ్లీ ఆ నొప్పి చెయ్యే కావాలి.

పొడుగు పిడి ఒక్కటే ఉంటే బరువంతా ఒక మణికట్టు మీదే పడుతుంది. రెండు చెవులున్నవి తీసుకోండి. మసిగుడ్డ పట్టుకున్నా వేళ్లు చెవుల్లో పూర్తిగా దూరాలి, నేను మొదట చూసేది అదే.

అమ్మ పాత ఇనప పెనం మాత్రం తీసెయ్యకండి. స్టవ్ మీదే ఉండనివ్వండి, ఎత్తాల్సింది అట్టునే కదా!

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకుండా ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మనే కొట్టుకు తీసుకెళ్లండి. కుక్కర్ మూత ఆవిడతోనే నాలుగుసార్లు పెట్టించి, తీయించండి. గిన్నెలో సగానికి నీళ్లు పోయించి ఎత్తమనండి. మొహం చిట్లిస్తే అది వద్దు, ఇంకోటి చూడండి.