డాక్సోరుబిసిన్ ఇచ్చిన కణాలన్నీ చనిపోయినట్టు ఎందుకు చూపిస్తోంది?

డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును నింపిన లైపోసోములను (సూక్ష్మమైన కొవ్వు బుడగలను) హీలా కణాలకు (ల్యాబులో పెంచే మానవ క్యాన్సర్ కణాలకు) ఇచ్చి, కొన్ని గంటలకే చనిపోతున్న కణాలకు అతుక్కునే అనెక్సిన్, చనిపోయిన కణాల్లోకి చొరబడి వెలిగే ప్రొపీడియం అయోడైడ్ కలిపి, ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి వెలుగును కొలిచే యంత్రంలో) చూస్తే దాదాపు అన్నీ చనిపోయినట్టు వచ్చిందని, మైక్రోస్కోపులో మాత్రం అవే కణాలు ప్లేటుకు చక్కగా అతుక్కునే ఉన్నాయని రాశారు. మీ కళ్లనే నమ్మండి. అక్కడ వెలుగుతున్నది మందు.

డాక్సోరుబిసిన్ అణువే స్వయంగా మెరుస్తుంది. 488 నానోమీటర్ల లేజర్ తగిలితే 590 పరిసరాల్లో నారింజ-ఎరుపు కాంతినిస్తుంది. ప్రొపీడియం వెలుగు పడేదీ ఇంచుమించు అక్కడే. సెంట్రిఫ్యూజ్ ట్యూబు అడుగున కణాల ముద్ద ఎర్రగా కనబడుతోందేమో ఒకసారి చూడండి.

ముందుగా మందు ఇచ్చి, ఏ రంగూ కలపని నమూనాను నడపండి. అదీ ప్రొపీడియం వెలుగును కొలిచే చానల్‌లో వెలిగితే విషయం తేలిపోయినట్టే. అప్పుడు ప్రొపీడియం మానేసి, 640 నానోమీటర్ల లేజర్‌తో పనిచేసే సైటాక్స్ రెడ్ అనే రంగు వాడండి. 7-ఏఏడీ అనే మరో రంగుకు మారడం వల్ల లాభం లేదు, దాని కాంతి కూడా మందు కాంతితో కలిసిపోతుంది.

మాధ్యమంలో తేలుతున్న కణాలను దయచేసి పారబోయకండి, చనిపోతున్నవి ముందుగా ఊడివచ్చేది అక్కడికే. కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌తో వచ్చిన ఈడీటీఏను (కాల్షియంను పట్టేసే రసాయనాన్ని) బాగా కడిగేయండి; కాల్షియం లేకపోతే అనెక్సిన్ అతుక్కోదు.

అపోప్టోసిస్ (కణం తనను తాను చంపుకోవడం) అని రాసే ముందు, ఆ చావులో తెగి చురుకయ్యే ఎంజైమైన కాస్పేస్-3 తెగిన రూపాన్ని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) చూపించండి. దానికి మందు వెలుగుతో పేచీ ఉండదు.