మాత్ర వేసుకున్నా పని జరగలేదంటే…

అంగస్తంభన సమస్య మీద విశాఖ పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. పేర్లు వేయొద్దని అందరూ కోరారు. ఊరి పేట మాత్రం ఉంచాం.

ప్రశ్న: నా వయసు 48. స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా షుగరుంది. ఏడాదిన్నరగా అంగం సరిగా గట్టిపడటం లేదు, గట్టిపడినా మధ్యలోనే సడలిపోతోంది. మందుల షాపులో అడిగి సిల్డెనాఫిల్ 50 మాత్ర మూడుసార్లు వేసుకున్నాను. ఫలితం లేదు. ఇక నాకు మందు లేనట్టేనా? – గాజువాక

జవాబు: మూడుసార్లకే తేల్చేయకండి. ముందు ఆ మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకున్నారో గుర్తు చేసుకోండి. బి షిఫ్టు దిగి రాత్రి పది దాటాక ఇల్లు చేరడం, ఆకలి మీద కోడికూర, వేపుడుతో కడుపు నిండా తినడం, చేయి కడుక్కుని మాత్ర మింగడం, పావుగంటలో పడక. ఇలా వేసుకుంటే మంచి కంపెనీ మాత్ర కూడా తేలిపోతుంది. సిల్డెనాఫిల్‌ను ఖాళీ కడుపుతో, గంట ముందు వేసుకోవాలి. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం మీద పడితే అది రక్తంలోకి చేరడం ఇంకో గంట ఆలస్యమవుతుంది, చేరే మోతాదూ తగ్గుతుంది. రెండో పెగ్గు దాటితే మందు ఒకవైపు లాగుతుంటే మద్యం రెండోవైపు లాగుతుంది.

రెండో పొరపాటు, మాత్ర వేసుకుని టీవీ ముందు కూర్చుని అదే లేస్తుందని ఎదురుచూడటం. కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని సంకేతంతో లోపలున్న రెండు స్పాంజి గొట్టాల కండరం వదులై రక్తం నిండుతుంది. ఉబ్బిన గొట్టాలు పైనున్న గట్టి పొరకు ఒత్తుకుని, రక్తం వెనక్కిపోయే సిరలను నొక్కేస్తాయి. గట్టిదనం అలా వస్తుంది. ఆ సంకేతాన్ని చెరిపేసే పీడీఈ-5 అనే ఎంజైము ఒకటుంది. మాత్ర చేసేదల్లా దాన్ని ఆపడమే. స్పర్శ, కోరిక లేకుండా సంకేతమే పుట్టకపోతే మాత్రకు అక్కడ పని లేదు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. షుగరు నరాలనూ దెబ్బతీస్తుంది, నాళాల లోపొరనూ దెబ్బతీస్తుంది. అందుకే షుగరున్నవాళ్లకు 50 మిల్లీగ్రాములు చాలక 100 అవసరం కావడం మామూలే. ఆ పెంపు డాక్టరు చూసి చేయాలి. రోజుకు ఒక్కసారికి మించకూడదు. సరైన మోతాదుతో, సరైన పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిదిసార్లు ప్రయత్నించాకే ‘పనిచేయలేదు’ అనే మాట. షిఫ్టుల మనిషికి గంట ముందు అనే లెక్క కుదరకపోతే టాడలాఫిల్ 5 మిల్లీగ్రాములు రోజూ ఒకే వేళకు వేసుకునే పద్ధతి ఉంది. దానికి తిండితో పేచీ లేదు. అవసరమైనప్పుడే వేసుకునే 10, 20 మిల్లీగ్రాముల టాడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ రెండింటికీ ఉన్నాయి. టాడలాఫిల్‌తో కొందరికి నడుం పట్టేస్తుంది. నాలుగు గంటలు దాటినా అంగం మెత్తబడకపోతే సిగ్గుపడుతూ తెల్లారేదాకా ఆగకండి. అది అత్యవసరం. ఆలస్యమైతే లోపలి కండరం శాశ్వతంగా పాడవుతుంది.

ఇక అసలు సంగతి. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె ధమనులు 3 నుంచి 4. కొవ్వు పేరుకున్నప్పుడు సన్న గొట్టం ముందు మూసుకుంటుంది. గుండెనొప్పి రావడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే అంగస్తంభన తగ్గిన రోగులు చాలామంది ఉంటారు. కాబట్టి మీకు మాత్ర చీటీ కంటే ముందు కావలసినవి బీపీ, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీ. డాక్టరు చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా. మగ హార్మోను టెస్టోస్టిరాన్ పరీక్షకు రక్తం ఉదయం 7 నుంచి 11 మధ్య, ఏమీ తినకుండా ఇవ్వాలి. రాత్రంతా సి షిఫ్టు చేసి దిగి అటునుంచి అటే ల్యాబుకు వెళ్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది. రాత్రి ఇంట్లో నిద్రపోయి లేచిన రోజు వెళ్లండి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే, వేరే రోజు మళ్లీ చేయించాకే లోపమని నమ్మాలి.

మాత్రలు నిజంగానే విఫలమైతే గాలి లాగి అంగంలోకి రక్తం రప్పించే వ్యాక్యూమ్ పంపు ఉంది. రక్తం వెనక్కి పోకుండా అంగం మొదట్లో తొడిగే దాని రబ్బరు రింగు 30 నిమిషాలు మించి ఉంచకూడదు. అంగం పక్కభాగంలో వేసుకునే ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్ ఉంది. మొదటి మోతాదు ఆస్పత్రిలోనే వేసి చూస్తారు. ఏదీ కుదరనివారికి చివరిగా అంగం లోపల కడ్డీలు అమర్చే ఇంప్లాంటు శస్త్రచికిత్స.

ప్రశ్న: మావారికి 57 ఏళ్లు. రెండేళ్ల క్రితం స్టెంటు వేశారు. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. స్నేహితుడెవరో ‘ఆ మాత్ర’ ఇచ్చారట, బీరువాలో కనిపించింది. అడిగితే కసురుకుంటున్నారు. ప్రమాదమా? బీపీ మాత్రల వల్లే ఇలా అయిందని అవి మానేస్తానంటున్నారు. – ఎంవీపీ కాలనీ

జవాబు: ప్రమాదమేనమ్మా, చిన్నది కాదు. సార్బిట్రేట్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నైట్రోగ్లిజరిన్, నికోరాండిల్ కూడా ఇదే నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే నాళాలను వదులు చేస్తాయి. రెండు మందులూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదకు వస్తుంది. రోజూ నైట్రేట్ (సార్బిట్రేట్ జాతి గుండె మందు) వేసుకునేవారికి ఈ మాత్ర అసలు పనికిరాదు. ఆయన సార్బిట్రేట్ అవసరానికని జేబులో పెట్టుకున్నా సరే, గుండె డాక్టరుతో మాట్లాడేదాకా ఆ మాత్ర మీ దగ్గరే దాచండి. ఒకవేళ ఇప్పటికే వేసుకుని ఉంటే, సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నాలుక కింద ఏ నైట్రేటూ పెట్టకూడదు. ఆ వ్యవధిలో ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్లకు మొదటి మాటగా ఏ మాత్ర, ఎన్నింటికి వేసుకున్నారో చెప్పండి. పరువు కోసం ఆ ఒక్క మాట దాచడం వల్లే మంచి వైద్యం కూడా ఎదురు తిరుగుతుంది.

బీపీ మందుల మీద ఆయన అనుమానంలో కొంత నిజముంది. అటెనొలాల్, మెటోప్రొలాల్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్ కొందరిలో స్తంభనను తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్‌లతో ఆ గొడవ తక్కువ. కానీ స్టెంటున్న మనిషి అటెనొలాల్ లాంటిది ఉన్నపళంగా మానేస్తే గుండెపోటే రావచ్చు. ‘మార్చడానికి వీలుంటుందా’ అని డాక్టరునే అడగండి. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వాడుతుంటే అదీ చెప్పాలి, బీపీ ఇంకాస్త పడుతుంది.

సంసారం చేయవచ్చా అన్నది మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఆయన రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కి ఛాతీ పట్టకుండా, విపరీతమైన ఆయాసం లేకుండా నిలబడగలిగితే సాధారణంగా గుండె ఆ శ్రమకు తట్టుకుంటుంది. సింహాచలం మెట్లెక్కించి పరీక్షించనక్కర్లేదు. ఖాయం చేసుకోవాలంటే ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంది.

ప్రశ్న: వయసు 29. పెళ్లై నాలుగు నెలలు. భార్య దగ్గరకు వెళ్లేసరికి అంగం మెత్తబడిపోతోంది. తెల్లవారుజామున మాత్రం బాగానే ఉంటోంది. చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో ఒక వైద్యుడు చెప్పి 40 రోజుల చూర్ణానికి 18 వేలు తీసుకున్నాడు. మొదట పనిచేసింది, తలనొప్పి కూడా వచ్చేది. ఇప్పుడు మళ్లీ మామూలే. – మధురవాడ

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. తెల్లవారుజామున బాగుందంటే నరాలు, నాళాలు, గొట్టాలు పనిచేస్తున్నట్టే. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు స్తంభన వస్తుంది. అది మీకు వస్తోంది. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు. ఈ మాట చెప్పి సొమ్ము చేసుకున్న లాడ్జి గదులకు లెక్క లేదు. ఇక ఆ చూర్ణం: వేసుకున్న గంటలో పనిచేసి, తలనొప్పి తెచ్చిందంటే అందులో సిల్డెనాఫిల్ లాంటిది కలిపారని గట్టిగా అనుమానించాలి. ఇలాంటి ‘మూలికా’ పొడుల్లో అది దొరికిన సందర్భాలు దేశదేశాల్లో ఉన్నాయి. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు.

మీకు జరుగుతున్నది ఇది. ‘ఈసారీ పడిపోతుందేమో’ అనే భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ ఎక్కుతుంది. స్పాంజి కండరం వదులు కావాల్సింది పోయి బిగుసుకుంటుంది, రక్తం వెనక్కి పోతుంది. మర్నాటికి భయం రెట్టింపవుతుంది.

విరుగుడు చూడటానికి విడ్డూరంగా ఉంటుంది. రెండు వారాలు సంభోగం వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, ఫోన్లు పక్క గదిలో పెట్టి ఒకరి ఒంటిని ఒకరు నిమురుకోండి, జననాంగాలు మినహా. మూడో వారం ఆ మినహాయింపు తీసేయండి, సంభోగం మాత్రం ఇంకా వద్దు. స్తంభన వస్తే కావాలనే ఆగి, తగ్గనిచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. పోయింది తిరిగి వస్తుందని ఒంటికి అనుభవంలోకి రావడమే ఇందులో కిటుకు. ఐదో వారంలో, ఇద్దరికీ తొందర లేనప్పుడు, ముందుకు వెళ్లండి. చాలామంది చెడగొట్టుకునేది రెండో వారంలోనే: కాస్త బాగుందనిపించగానే ఒప్పందం పక్కన పెట్టి ‘ఒకసారి చూద్దాం’ అంటారు, పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు కొన్ని వారాలు చిన్న మోతాదు మాత్ర ఇస్తే ధైర్యం చిక్కుతుంది, అందులో తప్పులేదు. ఒకసారి షుగరు, టెస్టోస్టిరాన్ చూపించుకోండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో యూరాలజీ విభాగం, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దూరం కావు.

ప్రశ్న: వయసు 34. జిమ్ కోచ్ సలహాతో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే స్తంభన బాగుంటుందా? పిల్లల కోసం చూస్తున్నాం. – సీతమ్మధార

జవాబు: పిల్లల కోసం చూస్తూ అది అసలు తీసుకోకండి. బయటి హార్మోను రాగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. మానేశాక తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాది దాటి పడుతుంది. పైగా రక్తంలో టెస్టోస్టిరాన్ మామూలుగా ఉన్నవాడికి దీనివల్ల స్తంభన మెరుగుపడదు.

ప్రశ్న: వయసు 52. బీపీ, పొట్ట ఉన్నాయి. రోజూ బీచ్ రోడ్డులో నడుస్తాను. నడక ఈ సమస్యకు పనికొస్తుందా, ఎంత నడవాలి? – పెదవాల్తేరు

జవాబు: పనికొస్తుంది, కాకపోతే కబుర్ల నడక కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత జోరుగా 40 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, ఆరు నెలలు. నడక ముగించి బండి దగ్గర సిగరెట్ వెలిగిస్తే నాళాల లోపొరకు చేసిన మేలు అక్కడే ఊడుస్తారు.

దానికి తోడు కటి కండరాల వ్యాయామం చేయండి. గాలి బయటికి పోకుండా మలద్వారాన్ని లోపలికి లాగినట్టు బిగించండి. సరిగా చేస్తే అద్దంలో అంగం మొదలు కాస్త లోపలికి పోయి, వృషణాలు పైకి కదులుతాయి. ఐదు లెక్కపెట్టేదాకా బిగించి, పది లెక్కపెట్టేదాకా వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట, పిరుదులు, తొడలు బిగుసుకుంటున్నా, ఊపిరి బిగబడుతున్నా తప్పు చేస్తున్నట్టు. మూత్రం పోస్తూ ఆపి ఆపి చేయమని కొందరు చెబుతారు. కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒకసారికి సరే, రోజూ అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. తేడా తెలియడానికి మూడు నెలలు పడుతుంది.