పోటీ పెట్టకండి, పేర్లు రాయించండి

"పిల్లలతో బొమ్మలు వేయించి ప్రదర్శన పెడితే, ఊరు దూరం పెట్టినవాళ్లు నిజంగా దగ్గరవుతారా, లేక అది ఫొటోలతోనే సరా?" అని మీరు అడిగారు. ధర్మవరం వైపు ఒక పల్లె బడిలో 22 ఏళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: దగ్గరవుతారు, కాని పోటీ మాత్రం పెట్టకూడదు.

పోటీ అనగానే ప్రతి పిల్లవాడూ రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద పారే ఏరు వేస్తాడు. మా అనంతపురం పిల్లలు పారే ఏటిని ఎన్నిసార్లు చూసి ఉంటారు? బహుమతేమో ఖరీదైన రంగులపెట్టె ఉన్నవాడికి పోతుంది. అతిథుల శాలువాల డబ్బుతో బడి మొత్తానికి రంగులు కొనవచ్చునని నేను అన్నప్పుడల్లా పైవారు నవ్వి ఊరుకునేవారు.

మా బడిలో పుట్టుకతోనే వినపడని ఒక పాప ఉండేది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది గాని, మా ఊరు ఆ పాప పేరును కూడా గుర్తించలేదు. అందరికీ ఆమె "మూగిది". ఆ పాప ఉన్నప్పుడే ఒక ఏడాది నిమ్మలకుంట తోలుబొమ్మల పద్ధతిని కాగితం మీద ప్రయత్నించాము. 2020లో పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ నిమ్మలకుంట ఊరే. మేకతోలుకు బదులు మందపాటి కాగితం తీసుకుని, వేసిన రంగులు ఆరాక వెనకవైపు చెనిక్కాయ నూనె పట్టిస్తే వెలుతురు దానిలోంచి బయటికి వస్తుంది; నగలూ చీర అంచులూ ఉన్నచోట దబ్బనంతో చిల్లులు పొడిస్తే, వెనక దీపం పెట్టగానే మెరుస్తాయి. ఎవరి ఇంటి మనిషిని వాళ్లు వేయాలి, కింద తమ పేరును కూడా చిల్లులతోనే పొడవాలి అన్నవి నేను పెట్టిన నియమాలు.

తెర రచ్చకట్ట దగ్గర కట్టమని పెద్దలు అన్నారు. అక్కడికి కాలనీవాళ్లు వస్తారు గాని కూర్చోరు, వెనక నిలబడి చూసి వెళ్లిపోతారు. అందుకని ఊరికీ కాలనీకీ నడుమ, అందరూ బిందెలతో వచ్చే నీళ్లట్యాంకు దగ్గర తెల్లపంచె కట్టించాను.

పాప తన అవ్వను వేసింది. చేట ముందు కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్న ముసలమ్మ, వంగిన వీపు, కమ్మల చోట మూడేసి చిల్లులు. దీపం వెలగగానే, చంకన బిందెతో నిలబడ్డ ఒకావిడ, "మా కళ్లంలోకి కూలికొచ్చే అవ్వ కదప్పా ఇది! ఎవురేసినార్ సార్?" అంది. పక్కనున్న పిల్లవాడు వెలుగుతున్న అక్షరాలను కూడబలుక్కుని చదివాడు. "ఎవురు, ఆ మూగిదా?" అని ఆవిడ అంటే, "కాదు పెద్దమ్మా" అని వాడు ఆ పేరునే మళ్లీ చదివాడు.

వారం తిరక్కుండా ఆవిడ బడికి వచ్చి, పాపను పేరు పెట్టి అడిగి, చనిపోయిన తన అత్తగారి బొమ్మ కావాలంది. ఫొటో చూపమని పాప సైగ చేసింది. ఫొటో లేదు. అత్తగారు చేతికర్ర పట్టుకుని ఎలా నడిచేదో ఆవిడ బడి వరండాలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి చూపించింది.