టెక్ సందేహాలు: ఫోన్‌లో సినిమాస్కోప్ కావాలంటే లెన్స్ కొనాలా, కత్తిరిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, నాగార్జునసాగర్ మీద మిత్రులతో కలిసి పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నాం. ఫోన్‌కు తగిలించే అనమార్ఫిక్ లెన్స్ ఉంటే సినిమా మాదిరి వెడల్పాటి బొమ్మ వస్తుందంటున్నారు. మామూలు వీడియోకే పైనా కిందా నల్ల పట్టీలు వేసుకుంటే సరిపోతుంది కదా అని మా మిత్రుడొకరి వాదన. ఏది నిజం?

జవాబు: మీ మిత్రుడి మాటలో ముప్పావు వంతు నిజముంది. ఫోన్ కెమెరా వీడియోను 16:9 నిష్పత్తిలో తీస్తుంది, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 1.78. థియేటర్లో మనం చూసే స్కోప్ బొమ్మ వెడల్పు 2.39. 4కె వీడియోలో ఉండే 2160 అడ్డు వరుసల్లో 1607 ఉంచుకొని మిగిలినవి తీసేస్తే మీకు పైసా ఖర్చు లేకుండా స్కోప్ నిష్పత్తి వచ్చేస్తుంది. పోయేది ఎత్తులో నాలుగో వంతు మాత్రమే కాబట్టి, యూట్యూబ్‌లో చూసే ప్రేక్షకుడికి స్పష్టత తగ్గినట్టు అనిపించదు.

ఇక లెన్స్ చేసే పని వేరు. అది గోళాకారపు గాజు కాదు, స్తంభాన్ని నిలువునా చీల్చినట్టుండే స్థూపాకారపు గాజు. అందుకే అది దృశ్యాన్ని అడ్డంగా మాత్రమే నొక్కి, నిలువును ఉన్నది ఉన్నట్టే వదిలేస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ క్రెత్యాఁ 1920ల్లో రూపొందించిన ఈ ఉపాయాన్నే హాలీవుడ్ 1953లో సినిమాస్కోప్ పేరుతో తెరకెక్కించింది, తెలుగులో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’తో అది మన థియేటర్లకు వచ్చింది. ఫిల్ము మీద సన్నగా నొక్కుకుపోయిన బొమ్మను ప్రొజెక్టరు ముందున్న మరో లెన్స్ తిరిగి సాగదీసేది. ఆపరేటరు ఆ లెన్స్ మార్చడం మరచిపోతే తెర మీద హీరో సైతం కొయ్యబొమ్మలా పొడుగ్గా కనిపించేవాడు, హాలంతా ఈలలు మోగేవి.

ఫిల్ము ఫ్రేమ్ దాదాపు చదరంగా ఉండేది కాబట్టి అక్కడ రెట్టింపు నొక్కుడు అవసరమైంది. ఫోన్ వీడియో ముందే వెడల్పుగా ఉంది గనుక 1.33 రెట్లు చాలు: 1.78ని 1.33తో గుణిస్తే 2.37 వస్తుంది, అదే స్కోప్. మార్కెట్లో 1.55 రెట్ల లెన్స్‌లు కూడా ఉన్నాయి గానీ, 16:9 వీడియో మీద వాటితో 2.76 నిష్పత్తి వస్తుంది, ఆరు అంగుళాల ఫోన్ తెర మీద అది రిబ్బను ముక్కలా కనిపిస్తుంది. కొనదలిస్తే 1.33 లెన్సే కొనండి.

దీనివల్ల మీకు దక్కేది మూడు విషయాలు. సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్) మొత్తం ఎత్తూ వాడుకుంటూనే అడ్డంగా మూడో వంతు ఎక్కువ దృశ్యం పడుతుంది, అంటే సాగర్ డ్యామ్ 26 గేట్లనూ ఒకే ఫ్రేమ్‌లో పట్టడానికి అంత వెనక్కి జరగనక్కర్లేదు. రాత్రి వాహనాల లైట్లు తగిలితే ఫ్రేమ్ అడ్డంగా ఒక కాంతి గీత సాగుతుంది, చాలామంది ఈ లెన్స్‌ను ఆ గీత కోసమే కొంటారని నా అనుమానం. మూడోది, వెనక మసకబారిన దీపాలు కోడిగుడ్డు ఆకారంలో కనిపించడం. అయితే ఫోన్ సెన్సర్ చాలా చిన్నది కాబట్టి వెనకభాగం మసకబారడమే అరుదు, ఆ కోడిగుడ్ల మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు మీ రెండు చోట్ల సంగతి చూద్దాం. పానగల్లు గుడిలో నాకు తెలిసి ఈ లెన్స్ మీకు మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది. కుందూరు చోడుల కాలంనాటి ఆ ఆలయంలో శివలింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడే కదా మీ కథానాయిక. చవక అనమార్ఫిక్ లెన్స్ అంచుల్లో నిట్టనిలువు స్తంభాలు వంగి కనిపిస్తాయి, మండపంలో ఫ్రేమ్ నిండా స్తంభాలే ఉంటాయి. పైగా చీకటి గర్భగుడిలో లెన్స్ ముందు మరో రెండు మూడు గాజులు చేరితే కొంత కాంతి పోతుంది, బయటి వెలుతురు వాటి మీద పడి బొమ్మ పాలిపోతుంది. అక్కడ ట్రైపాడ్ మీద ఉత్త ఫోన్‌తోనే తీయండి, ట్రైపాడ్ పెట్టే ముందు ఆలయ సిబ్బంది అనుమతి తీసుకోండి.

లెన్స్ కన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. ఇప్పటి ఫోన్లలో హెచ్‌డీఆర్ అనే సదుపాయం చీకటి భాగాలను తనంతట తానే వెలిగిస్తుంది. పెళ్లి వీడియోకు అది వరమే గానీ, నీడ గురించి తీసే సినిమాలో ఫోన్ ఆ నీడనే చెరిపేస్తే ఏం మిగులుతుంది? సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియోను ఆపి, గోడ మీద వేలుతో కాసేపు నొక్కిపట్టి ఫోకస్‌నూ ఎక్స్‌పోజర్‌నూ లాక్ చేసి, ఆ తరువాత వెలుగును కొద్దిగా తగ్గించుకోండి. అప్పుడు నీడ నీడలాగే పడుతుంది.

సాగర్ దగ్గర సమస్య దీనికి తలకిందులు. సినిమా కదలిక సహజంగా ఉండటానికి కారణం సెకనుకు 24 ఫ్రేములు, వాటికి జోడీగా దాదాపు 1/50 సెకను షటర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం. కానీ చాలా ఫోన్లలో లెన్స్ రంధ్రం స్థిరంగా ఉంటుంది, మూసుకోదు. నడినెత్తిన ఎండలో ఐఎస్‌వో (వెలుగుకు సెన్సర్ స్పందించే తీవ్రత) 100, షటర్ 1/100 ఉన్నప్పుడు సరైన వెలుగుకు ఎఫ్16 రంధ్రం కావాలని ఫొటోగ్రాఫర్ల పాత లెక్క; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఫోన్ రంధ్రం ఎఫ్1.8 అనుకుంటే అది దాదాపు 80 రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి వదులుతుంది. ఐఎస్‌వోను 50కి దించి షటర్‌ను 1/50కి తెచ్చినా లెక్క మారదు. అందుకే ఆటోలో ఉన్న ఫోన్ షటర్‌ను సెకనులో కొన్ని వేలవ వంతుకు పరుగెత్తిస్తుంది, గేట్ల నుంచి దూకే నీళ్లు ధారలా కాక చుక్కలు చుక్కలుగా, గులకరాళ్లలా పడతాయి. కాంతిని 64వ వంతుకు తగ్గించే ఎన్‌డీ64 ఫిల్టర్ పెడితే ఈ చిక్కు తీరుతుంది. వీడియోను సినిమాలా చూపించేది అనమార్ఫిక్ లెన్సా, ఎన్‌డీ ఫిల్టరా అని అడిగితే నేను నిస్సందేహంగా ఫిల్టర్ అంటాను. ముందు అది కొనండి, ట్రైపాడ్ కొనండి, ఈ డాక్యుమెంటరీని కత్తిరింపుతోనే పూర్తిచేయండి, అప్పటికీ వెడల్పు చాలలేదనిపిస్తే లెన్స్ గురించి ఆలోచించవచ్చు.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. 1.33 లెన్స్ కొని కురుమూర్తి జాతరలో ఉద్దాల ఊరేగింపు తీశాను. మనుషులందరూ పొడుగ్గా సన్నగా ఉన్నారు. గింబల్ (ఫోన్‌ను కదలకుండా పట్టే మోటారు పిడి) వాడినా బొమ్మ జున్నులా వణుకుతోంది, మధ్యలో కొన్నిచోట్ల ఒక్కసారిగా వెడల్పు మారిపోయింది.

జవాబు: మొదటిది లోపం కాదు, మీరు చేయాల్సిన పని ఇంకా ఒకటి మిగిలి ఉంది, అంతే. నొక్కిన బొమ్మను ఎడిటింగ్‌లో సాగదీయాలి, దీన్ని డీస్క్వీజ్ అంటారు. డావిన్చీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో 3840×1620 టైమ్‌లైన్ పెట్టుకొని, వెడల్పును అలాగే ఉంచి ఎత్తును 75 శాతానికి తగ్గించండి. వెడల్పును పెంచే బదులు ఎత్తును తగ్గిస్తే స్పష్టత చెడదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి యాప్‌లలో తీసేటప్పుడే తెర మీద సరైన ఆకారం చూసుకునే వీలుంది, కానీ ఫైలు కూడా సరైన ఆకారంలోనే నమోదవుతోందో లేదో ఊరేగింపుకు ముందే పది సెకన్లు తీసి చూసుకోవాలి.

వణుకుకు కారణం ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్. తన లెన్స్ ద్వారా వచ్చే బొమ్మ ఎంత కదిలితే ఎంత జరపాలో ఫోన్‌కు ముందే లెక్క ఉంటుంది, మీరు ముందు మరో గాజు తగిలించిన సంగతి దానికి తెలియదు. గింబల్ ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా ఆపేయండి. లెన్స్ బరువంతా ఒక పక్కకే పడుతుంది కాబట్టి గింబల్ రెండో వైపు ప్రతిబరువు తగిలించకపోతే మోటారు అలసిపోయి అదీ వణుకుతుంది.

వెడల్పు మారిపోవడానికి కారణం, వెలుతురు తగ్గినప్పుడో ఎవరైనా దగ్గరగా వచ్చినప్పుడో ఫోన్ తనంతట తాను ఒక కెమెరా నుంచి మరో కెమెరాకు మారడం. మీ లెన్స్ ఉన్నది ప్రధాన కెమెరా మీద మాత్రమే. కెమెరా మార్పును, ఆటో మాక్రోను సెట్టింగ్స్‌లో ఆపేసి ప్రధాన కెమెరాను లాక్ చేయండి.

మీరు అడగని మాట ఒకటి: క్లిప్‌తో తగిలించే లెన్స్ రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా బొమ్మ ఏటవాలుగా సాగుతుంది, ఆ వంకరను ఎడిటింగ్‌లో సరిచేయడం దాదాపు అసాధ్యం. ప్రతిసారీ తగిలించాక ఒక తలుపు చట్రాన్ని తీసి, నాలుగు మూలలూ సమకోణంలో ఉన్నాయేమో చూసుకోండి. మీ ఫోన్ మోడల్ కోసమే చేసిన కేసులో బిగించే లెన్స్‌తో ఈ బాధ చాలావరకు ఉండదు.

ప్రశ్న: సూర్యాపేటలో మా వీధి బతుకమ్మను స్కోప్‌లో తీశాం. యూట్యూబ్‌లో పెట్టేముందు నల్ల పట్టీలు వేయాలా? దాన్నే రీల్‌గా కూడా వాడుకోవచ్చా?

జవాబు: పట్టీలు వేయకండి. 3840×1620 ఫైలును అలాగే పెడితే యూట్యూబ్ తెరకు తగ్గట్టు తానే సర్దుతుంది. ఇప్పటి ఫోన్ల తెరలు చాలావరకు 20:9, అంటే 2.22 కాబట్టి మీ వీడియో దాదాపు తెర నిండుతుంది. పట్టీలు మీరే వేస్తే అదే ఫోన్‌లో నాలుగు పక్కలా నలుపు వచ్చి బొమ్మ మధ్యలో పోస్టుకార్డులా మిగులుతుంది. లైట్ల కింద ఆట మినుకుమినుకుమంటే షటర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 కుదరదు.

రీల్ సంగతికొస్తే, చుట్టూ తిరుగుతూ ఆడే ఆడపడుచుల వలయం స్కోప్‌కు చక్కగా సరిపోతుంది గానీ, అందులోంచి నిలువు ముక్క కోస్తే ఇద్దరు ముగ్గురికి మించి మిగలరు. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ స్వతహాగా నిలువు బొమ్మ. రీల్ కోసం లెన్స్ తీసేసి, ఫోన్‌ను నిలువుగా పట్టుకొని, ఆట మొదలుకాకముందే దాన్ని విడిగా తీసుకోండి.