గేరు లివర్ బిగుసుకుంటే: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, తిరుపతి నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో చెప్పిన దాంట్లో నాకు భయం వేసింది నీ పడవ వెనక తగిలించిన అవుట్‌బోర్డ్ మోటారు గేరు బిగుసుకుందన్నందుకు కాదు, రెండు చేతులతో లివర్ తోస్తున్నానన్నందుకు. ఆ పని మానెయ్. బలం పెడితే కేబుల్ కొస వంగుతుంది, లేదా మోటారు దగ్గర పిన్ను విరుగుతుంది. పులికాట్ సరస్సు మధ్యలో అది విరిగితే, ఇరకం దీవి నుంచి ఎవరి పడవైనా వచ్చేదాకా ఎండలో కూర్చోవాల్సిందే.

ఇంజను ఆపి గేరు వేసి చూశానన్నావు. ఆగిన మోటారులో గేరు పడకపోతే దాన్ని జబ్బు అనుకోకు. కింది గేరు బాక్స్‌లో ముందుకు ఒక గేరు, వెనక్కి ఒక గేరు ఉంటాయి. వాటి మధ్య డాగ్ క్లచ్ అని పళ్ళున్న ముక్క అటూ ఇటూ జరుగుతుంది. పన్నుకు పన్ను ఎదురుగా నిలిస్తే ఎంత తోసినా లోపలికి పోదు. ఒకరు ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు లివర్ కదపాలి, టక్కున పడుతుంది. ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసేముందు కిల్ స్విచ్ (ఇంజను ఆపేసే స్విచ్) తాడు లాగెయ్, స్పార్క్ ప్లగ్ క్యాపులన్నీ ఊడదియ్. ఇందులో నీ తొందర పనికిరాదు.

అలా తిప్పినా గట్టిగానే ఉంటే, బిగువు ఎటువైపు ఉందో తేల్చాలి. మోటారు మూత తీసి, గేరు కేబుల్ ఎక్కడ కలుస్తుందో చూడు. దాని కొస ఎంతవరకు బిగించి ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకుని, క్లిప్పు తీసి విడదియ్. ఇప్పుడు మోటారు వైపు ఆర్మ్‌ను (కేబుల్ తగిలే చిన్న పుల్లను), ప్రొపెల్లర్ తిప్పుతూనే, చేత్తో కదుపు. అది తేలిగ్గా కదిలి, సీటు పక్క లివర్ మాత్రం ఇంకా మొరాయిస్తే దోషం కేబుల్‌ది, లేదా లివర్ బాక్స్‌ది. నాకైతే కేబుల్ మీదే అనుమానం. ఎండాకాలం పులికాట్ ఉప్పు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఆ ఉప్పు తొడుగులోకి దిగితే లోపలి తీగ తుప్పు పట్టి ఉబ్బుతుంది. నూనె పోస్తే నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ అంతే. మార్చడమే మంచిది. కొత్తది కొనడానికి చెన్నై వెళ్ళేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్ళు, పొడవు, కొసలు సరిపోవాలి. బిగించేటప్పుడు మరీ ఒంపు తిప్పకు, కేబుల్‌ను కట్టే టైలు గట్టిగా లాగకు. న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ రెండు వైపులా స్వేచ్ఛగా తిరిగితేనే సర్దుబాటు కుదిరినట్టు.

కేబుల్ విడదీశాక కూడా మోటారు వైపే గట్టిగా ఉంటే ముందు పైన కనిపించే కీళ్ళు చూడు. ఎండిపోయిన గ్రీజు, ఉప్పు పేరుకుని ఉంటాయి. కడిగి, నీళ్ళకు కరగని మెరైన్ గ్రీజు రాయి. ఇంకో అనుమానం కూడా ఉంది. కొనేముందే వాటర్ పంపు ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం) మార్పించామని అమ్మినాయన అన్నాడని చెప్పావు. ఇంపెల్లర్ మార్చాలంటే కింది భాగం దించాలి. తిరిగి ఎక్కించేటప్పుడు గేరు రాడ్డు పొడవు సరిగ్గా కుదరకపోతే సరిగ్గా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. అది మాన్యువల్‌లో చూసి సరిచేయించు, అంచనాతో తిప్పొద్దు.

గేరు ఆయిల్ కూడా చూడాలి. మోటారును రాత్రంతా నిలువుగా ఉంచి, పొద్దున్నే కింది స్క్రూ విప్పు. నీళ్ళు చేరి ఉంటే ముందు అవే కారతాయి. ఆయిల్ పాల టీ రంగులో వస్తే సీలు పోయినట్టే. ప్రొపెల్లర్ తీసి చూడు, వల దారం షాఫ్ట్‌కు చుట్టుకుని సీలును కోసి ఉండొచ్చు. మన నీళ్ళలో అది మామూలే. ఇనప ముక్కలు కనిపిస్తే మాత్రం నువ్వు విప్పకు, తెలిసిన మెకానిక్‌కు ఇవ్వు. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. స్క్రూలకు వాషర్లు కొత్తవి వెయ్.

అంతా బాగుండి, ఇంజను నడుస్తుండగా గేరు వేస్తే మాత్రం కటకటమంటే ఐడిల్ (థ్రాటిల్ పెంచకుండా ఇంజను ఊరికే తిరిగే వేగం) ఎక్కువగా ఉందేమో చూడు. చిన్న మోటార్లకు సాధారణంగా 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చుట్టుపక్కల ఉంటుంది, నీ మోటారుకు ఎంతో మాన్యువల్ చెబుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ ఎక్కువే, కాస్త వేడెక్కనివ్వు. గేరు వేసేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ఒక్కసారిగా, తడబడకుండా వెయ్. నెమ్మదిగా నూకితే పళ్ళు ఒరుసుకుని మొద్దుబారతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా మెల్లగా వేయడమే మర్యాద అనుకుంటారు, ఇక్కడ అది తప్పు.

2022లో మీ తడ మా తిరుపతి జిల్లాలో కలిసిందని నన్ను రోజూ ఆటపట్టిస్తావు కదా, ఆ చనువుతోనే అడుగుతున్నా. కేబుల్ విడదీసి, బిగువు ఎటువైపో ఫోన్ చేసి చెప్పు. ఆయిల్ తీస్తే ఒక గ్లాసులో పట్టి ఫోటో పంపు. ఆ రెండూ చూడకుండా నేను సామాను పేర్లు చెప్పను, నువ్వు కొననూ వద్దు.