మ్యాప్‌లో 'లోతైన నల్లరేగడి' అని ఉంది, బిలోలి దగ్గర బత్తాయి తోటకు ఆ భూమి కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు: మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా బిలోలి దగ్గర నాలుగెకరాలు చూశారు, బత్తాయి పెట్టాలని ఉంది. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థ మ్యాప్‌లో అక్కడ లోతైన నల్లరేగడి అని ఉంది. అమ్మేవాళ్ళు చూపించిన సాయిల్ హెల్త్ కార్డులో (ప్రభుత్వ మట్టి పరీక్ష రిపోర్టు) పొటాష్ కూడా బాగుంది. ఇక అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా అని.

ఇప్పుడే ఇవ్వకండి. ముందు మ్యాప్ స్కేల్ చూడండి. ఆ సంస్థ రాష్ట్రాలవారీగా వేసిన మ్యాపులు 1:2,50,000 స్కేల్‌లో ఉంటాయి. మ్యాప్ మీద ఒక సెంటీమీటరంటే నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరులో 1,500 ఎకరాలకు పైగా పడతాయి, మీ నాలుగెకరాలు పెన్సిల్‌తో పెట్టిన చుక్కంత. పైగా ఒక రంగు వేసిన చోటంతా ఒకే నేల ఉండదు. లెజెండ్‌లో, అంటే మ్యాప్ పక్కన ఏ రంగు ఏ నేలో చెప్పే పట్టికలో, ప్రధానమైన నేల తర్వాత, దానితో కలిసి ఉండే రెండో నేల వివరం కూడా రాస్తారు. చాలామంది మొదటి ముక్క చదివి సంతోషపడి ఆపేస్తారు. మీరు రెండోదీ చదవండి. అక్కడ 'తక్కువ లోతు' అని ఉంటే మీ చేను ఏ ముక్కలో పడిందో తేల్చుకోవాలి. ఆ ఊరికి 1:10,000 మ్యాప్ దొరికితే చాలా నయం, అందులో ఒక చదరపు సెంటీమీటరు ఒక హెక్టారు.

మన వైపు ఇది మరీ అవసరం. నాందేడ్ జిల్లాలో చాలాచోట్ల అడుగున బసాల్ట్ రాయి, బిలోలి, దెగ్లూర్ దాటి తెలంగాణ వైపు వస్తుంటే గ్రానైట్ కూడా తగులుతుంది. మిట్ట మీద జానెడు మట్టి, దాని కింద మొరం. అక్కణ్ణుంచి కొట్టుకొచ్చిన మట్టే వాగు పక్కన మనిషి లోతు రేగడి అవుతుంది. పైనుంచి చూస్తే రెండూ నలుపే.

మేము ధర్మాబాద్ దగ్గర పక్కపక్కన ఉన్న రెండు గట్ నంబర్లు (మన సర్వే నంబర్ల లాంటివి) చూశాం. మ్యాప్‌లో రెండిటిదీ ఒకే రంగు. మొదటి దాంట్లో పాత బాయి ఉంది, దాని గోడ చూస్తే రెండడుగులకే మొరం మొదలైంది. రెండో దాంట్లో జేసీబీతో గొయ్యి తీయిస్తే ఐదడుగుల దాకా రాయి తగల్లేదు కానీ, మూడడుగుల నుంచి తెల్లటి సున్నపు గుల్లలు. మా మామయ్య పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుసబుసమని పొంగింది, అంటే సున్నం ఉన్నట్టే. మాకు కావలసింది సోయా, శనగ, అందుకని రెండోదే తీసుకున్నాం. బత్తాయికైతే రెండూ వదిలేసేవాళ్ళం. సున్నం ఎక్కువైతే చెట్టుకు ఇనుము అందదు, లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు తిరుగుతాయి. స్ప్రేలు కొడుతూ ఉండాల్సిందే.

కాబట్టి గొయ్యి తవ్వించండి. మిట్టన ఒకటి, పల్లంలో ఒకటి. ఐదడుగులు, లేదా రాయి తగిలేదాకా. గోడలో బూడిద రంగు మట్టి, తుప్పు మచ్చలు కనిపిస్తే అక్కడ వానాకాలం నీళ్ళు నిలుస్తాయని అర్థం. రేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, నీరు దిగదు, బత్తాయికి వేరుకుళ్ళు, బంక తెగులు అక్కడే మొదలవుతాయి. ఖర్చు వద్దనుకుంటే ముందు చుట్టుపక్కల బాయి గోడలు, వాగు ఒడ్లు, రోడ్డు కోసిన చోట్లు చూసి రండి, అది ఫ్రీ.

హెల్త్ కార్డు సంగతి: అందులో ఉండేవి 12 అంశాలు, లోతు వాటిలో లేదు. నమూనా పైపొర మట్టిది. ఆ పథకంలో సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు, అంటే అది పక్కవాడి చేనుది కూడా కావచ్చు. పొటాష్ మన రేగళ్ళలో మామూలుగానే ఎక్కువ, దానికి రేటు పెంచి ఇవ్వకండి. తగ్గిన పోషకాలు ఎరువుతో సరిచేసుకోవచ్చు, లోతును ఏ ఎరువూ పెంచదు.

సాత్‌బారా (7/12, మహారాష్ట్రలో పొలం రికార్డు కాగితం) తీసినప్పుడు పేరూ, విస్తీర్ణమూ చూసి వదలకండి. 'పోట్ ఖరాబ్' కింద ఎంత చూపించారో చూడండి, సాగుకు రాని ముక్క అదే. పాత సంవత్సరాల పంటల నమోదు కూడా అడగండి. ఏటా ఖరీఫ్ ఒక్కటే వేసి రబీ ఖాళీగా వదిలారంటే, నీళ్ళు లేకనా, మట్టిలో తేమ నిలవకనా అని అమ్మేవాళ్ళని కాకుండా పక్క చేను ఆయన్ని అడగండి. అన్నట్టు, మహారాష్ట్రలో రైతు కానివాళ్ళు సాగుభూమి కొనడం మామూలుగా కుదరదు, మీ పేరున పొలం ఉందో లేదో రాయలేదు.

గొయ్యి తవ్వించాక గోడ ఫోటో, పక్కన టేపు పెట్టి తీసింది, ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.